రెండిళ్ల పొగగొట్టం

గోదావరిఖని,
నవంబర్ 1993

షహజాదీ ఆపాకు,

అనసూర్య సలాం. మహమూద్ భాయ్‌కీ, అలీముద్దీన్‌కీ కూడా చెప్పు. అందరం క్షేమమని మొదలుపెట్టడం నువ్వే నేర్పావు గాని, ఈసారి ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏడుస్తున్నానని కంగారుపడకు. పొగ.

నువ్వు ఖాళీ చేసిన క్వార్టర్‌లోకి మొగిలి, సారవ్వ వచ్చారని రాశాను కదా. మొగిలి మాట నెమ్మది. సారవ్వకే అన్నీ కొత్తవి కావాలి. ఎవరినో పట్టుకుని గ్యాసు కనెక్షన్ తెచ్చుకున్నారు. తెచ్చుకుంటే తెచ్చుకున్నారు, బతుకమ్మ పండుగ పోయిన వారమే నీ బొగ్గు పొయ్యి మొత్తం పగలగొట్టించింది. దాని చోట నల్ల బండ పరిపించి, నిలబడి వండుకునే గద్దె కట్టించుకుంది. పొయ్యి వెనుక చిమ్నీలోకి ఉన్న కంతను ఇటుకలతో మూయించింది. వాడకట్టు ఆడవాళ్లంతా వరుసగా వెళ్లి చూసొచ్చారు. నేనూ వెళ్లాను. బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. చీర కుచ్చెళ్లకు మసి అంటకుండా వంట చేసుకుంటోంది.

నీకు తెలియనిది కాదు, మన రెండిళ్లకూ చిమ్నీ ఒకటే. ఈ క్వార్టర్లు కట్టిన రోజుల్లో ఎవరో ఇంజనీరు కొత్త నమూనా అని చెప్పి, నడుమ గోడకు అటొక పొయ్యి, ఇటొక పొయ్యి పెట్టి, రెండింటి పొగా ఒకే గొట్టంలో పైకి పోయేలా కట్టించాడు. ముప్పై ఏళ్లుగా బాగానే పోయింది. సారవ్వ అటువైపు మూయించిన దగ్గర నుంచి నా పొగ పైకి పోవడం మానేసి ఇంట్లోకే తిరుగుతోంది. గోడలు, గిన్నెలు, ఆరేసిన బట్టలు, అన్నీ ఒకటే రంగు. పొయ్యి ముట్టించిన కాసేపటికి ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడడు.

మా ఆయనకు చెబితే, "కంపెనోళ్లు బొగ్గు ఉత్తగ ఇంటి ముందట పోత్తుండ్రు. మనకు గ్యాసెందుకే? జర పొగకే గింత లొల్లా?" అంటాడు. కూరలో ఉప్పు తక్కువైతే కంచం తోసేసే మనిషికి పొగంటే ఎంత ఓర్పు వచ్చిందో చూడు.

ఇంకో సంగతి. ఆయన మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇక బొగ్గు బాయిలో దిగే శక్తి లేదని డాక్టర్లు రాసిస్తే మా సదయ్యకు నౌకరి వస్తుంది, మీ ఇంట్లో భాయ్ దిగిపోయి మీ కొడుకు అలీముద్దీన్ ఎక్కినట్టు. సదయ్య ఐటీఐ చదివి చౌరస్తాలో కూర్చోవడం తప్ప ఇంకో పని లేకుండా ఉన్నాడు. వాడి తోటివాళ్లు డ్యూటీ బూట్లతో ఇంటి ముందు నుంచి పోతుంటే తలుపు దగ్గరికి వేసుకుంటాడు. బోర్డు చలికాలం పోయాక ఉంటుందట. మొన్న మీ మేనకోడలి పెళ్లికి బెల్లంపల్లి వచ్చినప్పుడు భాయ్, ఆయన చాలాసేపు మాట్లాడుకున్నారట కదా. బోర్డులో ఏం అడుగుతారో చెప్పాడా అని అడిగితే నాకు చెప్పడు.

ఆ చిమ్నీ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఏం చేస్తే పొగ పోతుందో జల్ది రాయి.

నీ చెల్లె,
అనసూర్య


బెల్లంపల్లి,
నవంబర్ 1993

చెల్లె అనసూర్యకు,

దువా. నీ ఉత్తరం చదువుతూ నవ్వాను, నా పొయ్యి పగలగొట్టారన్న చోట మాత్రం నవ్వు రాలేదు. ఏటా రంజాన్‌కు ముందు పేడ, మట్టి కలిపి దానికి పూత పూసేదాన్ని. నువ్వు అటువైపు నుంచి పోపు వేస్తే నాకు ఇటువైపు తుమ్ములు వచ్చేవి. పోనీలే, సారవ్వ ఇల్లు సారవ్వది. మన క్వార్టర్లు మనవి కావు, కంపెనీవి. ఎవరు వచ్చినా వాళ్ల ముచ్చట వాళ్లు తీర్చుకుంటారు.

పొగ గురించి చెబుతాను. ముందు ఒక తాడుకు ముళ్లకంప కట్టి, కింద ఇటుక వేలాడదీసి, పైనుంచి చిమ్నీలోకి దించి రెండు మూడుసార్లు లాగించు. మసి పేరుకుని ఉంటుంది. రెండోది, నువ్వు బద్ధకస్తురాలివి, బొగ్గు నేరుగా పొయ్యిలో వేసి ముట్టిస్తావు. నేను ఎన్నిసార్లు చెప్పాను. వాకిట్లో కుంపటిలో వేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాక లోపలికి తెచ్చుకో. మూడోది, సారవ్వతో కొట్లాట పెట్టుకోకు. మనం మాత్రం మొదటి రోజు నుంచే కలిసిపోయామా? నీళ్ల బిందెల దగ్గర నువ్వు నన్ను అన్న మాటలు నాకింకా గుర్తే.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ భాయ్ బాగానే ఉన్నాడు. అలీముద్దీన్ డ్యూటీ సక్రమంగా నడుస్తోంది. నీ ఉత్తరాలు మీ భాయ్‌కి పైకి చదివి వినిపిస్తాను కదా, ఈసారి పొగ మాట రాగానే లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. అంతా చదివాక పిలిస్తే, మీ రాయమల్లన్నకు దగ్గు ఉందా అని అడిగాడు. ఉందా?

నీ ఆపా,
షహజాదీ


గోదావరిఖని,
డిసెంబర్ 1993

షహజాదీ ఆపాకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బొగ్గు వాకిట్లో కాల్చి లోపలికి మోసి మోసి చేతుల మీద బొబ్బలు వచ్చాయి. ముళ్లకంప దించమని సదయ్యకు చెప్పాను. వాడు టీవీ యాంటెనా తిప్పడానికి రోజు విడిచి రోజు స్లాబు ఎక్కుతూనే ఉంటాడు. చూసొచ్చి, "అండ్ల ఏం లేదే అవ్వా, సాఫుగనే ఉన్నది" అన్నాడు. సాఫుగా ఉంటే ఈ పొగ ఎక్కడిది?

క్వార్టర్ల మరమ్మతులు చూసే సివిల్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. ఒకరు రేపు అంటారు, ఒకరు నీ దరఖాస్తు మీద మీ ఆయన సంతకం లేదంటారు. సంతకం పెట్టమని ఆయనను అడిగితే, "పని లేదా నీకు?" అని లేచి పోతాడు. చివరికి బిక్షం మేస్త్రీ దొరికాడు. నీకు తెలుసు, మన వరుసలో తలుపులు బిగించే బిక్షమే. డ్యూటీ అయ్యాక వచ్చి స్లాబు ఎక్కాడు. చిమ్నీలో చెయ్యి పెట్టి ఏం తీశాడనుకున్నావు? ఉండలా చుట్టి కుక్కిన గోనె సంచి. మసితో నల్లగా, బరువుగా ఉంది.

నా కడుపు ఎంత మండిందో ఏం చెప్పను. చిమ్నీలో నుంచి వాన నీళ్లు గోడలోకి దిగుతున్నాయని మొగిలి ఎప్పుడో అన్నాడు. వాళ్ల కొత్త బండకు చెమ్మ తగలకూడదని నా ఇంటి గొంతు నొక్కారన్నమాట. సంచి పట్టుకుని వెళ్లి సారవ్వ వాకిట్లో పడేశాను. నోటికి ఎంత వస్తే అంత అన్నాను. నలుగురూ వచ్చారు. ఆమె, "నా పిల్లల మీద ఒట్టు అక్కా, మేం ముట్టలే. మాకు నిచ్చెన ఉన్నది గని నీ పొగతోని మాకేం పని?" అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకు ఇంకా మండింది. మొగిలి తల దించుకుని లోపలికి పోయాడు. మా ఆయన మాత్రం మంచం మీద నుంచి లేవలేదు, తనకు సంబంధం లేనట్టు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కింటివాళ్లతో పెళ్లాం కొట్లాడుతుంటే ఒక్క మాట సాయం రాని మొగుడు ఎక్కడైనా ఉంటాడా?

సంచి తీశాక నాలుగు రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. మళ్లీ మొదలు. మళ్లీ బిక్షాన్ని పిలవాలంటే నాకే సిగ్గుగా ఉంది.

దగ్గు ఉందా అని భాయ్ అడిగాడు. ఉంది. ముందు లేదు, ఇప్పుడు ఉంది. తెల్లారి లేవగానే మొదలై గుక్క తిప్పుకోనివ్వదు. వాకిట్లో ఎండలో కూర్చోమంటే వినడు. చలి అంటాడు. పీట వేసుకుని సరిగ్గా పొయ్యికి ఎదురుగా కూర్చుంటాడు. అడ్డం లేవయ్యా అంటే, "నా ఇంట్ల నేను కూసుంటే నీకేందే?" అంటాడు.

నాకు విసుగొచ్చేసింది ఆపా. పక్కింటిదాన్ని అనాలో, ఆఫీసును అనాలో, ఈ ఇంటాయనను అనాలో తెలియడం లేదు.

అనసూర్య


బెల్లంపల్లి,
డిసెంబర్ 1993

అనసూర్యకు,

ఎక్కువ రాయను. చిమ్నీ సంగతి వదిలెయ్యి. ఎట్లాగైనా ఒక పంపు స్టవ్వు తెచ్చుకో. పొయ్యి ముట్టించకు. రాయమల్లన్నను దాని ముందు కూర్చోనివ్వకు. ఎందుకని అడగకు, పెద్దదాన్ని చెబుతున్నాను.

సారవ్వను ఇంకేం అనకు. ఆమెకు ఏ పాపమూ తెలిసి ఉండదు.

షహజాదీ


గోదావరిఖని,
జనవరి 1994

షహజాదీ ఆపాకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు ముక్కలు రాశావు, అందులో సగం సారవ్వ తరఫున. నీ పొయ్యి పగలగొట్టినదాని మీద నీకంత ప్రేమ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఏటికేడు నీ గోడకు ఆనుకుని బతికినదాన్ని నేను. నువ్వు జ్వరంతో పడుకుంటే నీ పిల్లలకు గంజి పోసినదాన్ని నేను. ఎందుకని అడగకు అంటే ఏమిటి అర్థం? అక్కడ మీకు అన్నీ కుదిరాయి, కొడుకు డ్యూటీకి పోతున్నాడు, భాయ్ హాయిగా కూర్చున్నాడు. నా పొగ నీకు దూరమైపోయింది.

సరే, నీ మాట కాదనలేక మా అన్నతో చెప్పి పంపు స్టవ్వు తెప్పించాను. రెండు పూటలు వండానో లేదో, ఆయన దాన్ని తీసుకెళ్లి ఎవరికో ఇచ్చి వచ్చాడు. అదేమిటంటే, "బొగ్గు తవ్వేటోని ఇంట్ల కిరసనాయిలు మీద అన్నమా? నలుగురు నవ్వరా?" అన్నాడు. అంత మాట అనడానికి నడుమ ఎన్నిసార్లు ఆగాడో. వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చేలోపు తలుపు పట్టుకుని నిలబడుతున్నాడు. ఉమ్మితే నల్లగా పడుతోంది. అసలు డ్యూటీకి పోక ఎన్నాళ్లయిందో, సిక్కు సెలవులోనే ఉన్నాడు. కంపెనీ దవాఖానలో ఇచ్చిన గోలీలు అల్మారాలో అట్లాగే ఉన్నాయి. చేదట.

బోర్డు పిలుపు వచ్చింది. ఫిబ్రవరి ఆఖరుకు రమ్మన్నారు. సదయ్య కొత్త చొక్కా కుట్టించుకుందామా అని అడిగాడు. నౌకరి రాకముందే చొక్కా ఏమిట్రా అన్నాను గాని వాడి మొహం చూసి లోపల సంతోషమైంది. కొడుకు మొహంలో వెలుగు, మొగుడి మొహంలో చీకటి, రెండూ ఒకే ఇంట్లో చూస్తున్నాను. దేనికి ఏడవాలో, దేనికి నవ్వాలో చెప్పు.

నీకు తెలిసింది ఏదో ఉంది. లేకపోతే అట్లా రాయవు. చెప్పాలనుంటే చెప్పు. లేదంటే ఉత్తరాలు మానేద్దాం.

అనసూర్య


బెల్లంపల్లి,
జనవరి 1994

నా చెల్లె అనసూర్యకు,

నువ్వు తిట్టిన తిట్లన్నీ నెత్తిన పెట్టుకున్నాను. సంచి దొరికిందని నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కాని అనుమానం ఉత్తరంలో పెడితే ఒక ఇల్లు కూలిపోతుందని భయపడ్డాను. ఇప్పుడు మీ భాయ్‌ని కూర్చోబెట్టి, ఖురాన్ మీద చెయ్యి పెట్టించి అడిగాను. చెప్పాడు.

మేము అక్కడ ఉన్న ఆఖరి చలికాలం గుర్తుందా? మా ఇంట్లో పొగ ఎక్కువైందని నీతో కూడా అన్నాను. పొయ్యి మీద రేకు మూత ఉండేది చూశావూ, చిమ్నీలోకి పొగ పోయే చోట. మీ భాయ్ దాన్ని మూసేసి, ముందు కూర్చుని పొగ పీల్చేవాడట. బోర్డు కోసం. గొట్టంలోకి ఊదమంటే ఊదలేకపోవాలని, డాక్టరు చెవి పెట్టి వింటే ఛాతీ గుర్రుగుర్రుమనాలని. అప్పటికి ఆయనకు దగ్గు లేనే లేదు. ఎవరో బాయిలో చెప్పారట, ఈ పద్ధతి తప్పదని. చిమ్నీ పాతదైపోయిందని నేననుకున్నాను. రోజూ ఆ పొయ్యి ముట్టించింది నేనే.

మొన్న పెళ్లిలో రాయమల్లన్న అడిగితే మీ భాయ్ కుర్చీలోంచి లేవకుండా, తన ఆయాసం తెలియనివ్వకుండా ఇదంతా చెప్పాడు. బోర్డయ్యాక పొగ పీల్చడం మానేస్తే దగ్గు దానంతటదే పోతుందని కూడా చెప్పాడట.

పోలేదు అనసూర్యా. నీకు ఇన్నాళ్లూ బాగున్నాడని రాసింది అబద్ధం. మీ భాయ్ బక్రీద్ నుంచి మసీదుకు నడవలేదు. పడుకుంటే ఊపిరి ఆడదు, దిండ్లు పేర్చి కూర్చోబెడితే కూర్చునే నిద్రపోతాడు. చెంబెడు నీళ్లు మోయలేడు. ఎంత బొగ్గు దుమ్మో, ఎంత పొగో డాక్టరుకే తెలియదు. అలీముద్దీన్ డ్యూటీ దిగి బూట్లు విప్పకుండానే దవాఖానకు పోతాడు మందుల కోసం. వాడికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఆ నౌకరి ఎట్లా చేస్తాడు?

నీ దగ్గర ఎందుకు దాచానంటే, నువ్వు జాలి పడితే నాకు నిజమైపోతుందని. ఇప్పుడు మొత్తం రాశాను. ఇక నీ ఇంట్లో నువ్వు ఏం చేస్తావో చెయ్యి. తొందరగా చెయ్యి.

నీ ఆపా


గోదావరిఖని,
ఫిబ్రవరి 1994

ఆపాకు,

నీ ఉత్తరం చదివి ఆయనను ఏమీ అడగలేదు. నేరుగా సారవ్వ ఇంటికి వెళ్లి నిచ్చెన కావాలన్నాను. అన్ని మాటలు పడ్డ మనిషి ఎందుకని కూడా అడగలేదు. తానే మోసుకొచ్చి గోడకు వేసి కింద పట్టుకుంది. కొంగు నడుముకు చుట్టి ఎక్కాను. పుట్టి బుద్ధెరిగాక నేను స్లాబు ఎక్కడం అదే మొదలు. చిమ్నీలో చెయ్యి పెడితే ఇంకో సంచి. బియ్యం తెచ్చుకున్న మా ఇంటి సంచే, మూతికి నేను కుట్టిన కుట్టుతో సహా ఉంది.

అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడే మనిషి ఈ నిచ్చెన ఎట్లా ఎక్కాడు?

కిందికి దిగి సంచి సదయ్య ముందు వేశాను. వాడు తల ఎత్తలేదు. "బాపే వెట్టుమన్నడే అవ్వా. బోర్డయినంక తీసేద్దమన్నడు. నేను ఒద్దన్న. ఇనలే" అన్నాడు. సారవ్వ నా పక్కనే ఉంది. ఆమె ముందు నేను ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు. పిల్లల మీద ఒట్టు వేయించాను కదా ఆమెతో, నా కొడుకు చేసిన పనికి.

లోపలికి వెళ్లి నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. పీట మీద కూర్చుని మొత్తం విన్నాడు. భాయ్ కూర్చునే నిద్రపోతాడన్న చోట పొయ్యిలోకి చూశాడు. భయపడ్డాడనుకున్నాను. ఇక లేస్తాడనుకున్నాను. చివరికి ఏమన్నాడో తెలుసా? "అలీముద్దీన్ డ్యూటీకి పోతుండా లేదా?"

పోతున్నాడన్నాను.

"ఇగ ఏందే మరి. ఆళ్లది ఒడ్డుకు వడ్డది. మనది గూడ వడనియ్యి. నేను బాయిల దిగి ఏం సంపాయించిన, వానికి ఇచ్చేటందుకు? ఇదొక్కటే ఉన్నది."

ఆపా, కోపం వచ్చిందని రాయాలా, ఏడుపు వచ్చిందని రాయాలా. రెండూ వచ్చాయి. ఆయన మీద ప్రేమ కూడా వచ్చింది, అది వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. కొడుకు కోసం తన ఊపిరి తీసి ఇస్తానంటున్నాడు, నన్ను అడగకుండా. ఆ ఊపిరిలో నాకు భాగం లేదా?

వాకిట్లో గడ్డపార ఉంటే తెచ్చాను. "లే" అన్నాను. లేవలేదు. పీటతో సహా పక్కకు లాగాను, అంత తేలికైపోయాడు. పొయ్యి నడినెత్తి మీద మొదటి దెబ్బ వేశాను. సదయ్య పరిగెత్తుకొచ్చి, "అవ్వా, బోర్డు దగ్గరికొచ్చింది, జర ఆగు" అన్నాడు. నీకు నౌకరి కావాలా, బాపు కావాలా అని వాడిని అడగలేదు. అడిగితే వాడు ఏం చెబుతాడోనని భయం వేసింది. కొడుతూనే ఉన్నాను. ఆయన దగ్గుతూనే, "పోరని నోట్ల మన్ను గొడుతున్నవే. ఆడు జిందగీ మొత్తం నిన్నే తిడుతడు, సూడు" అన్నాడు.

సారవ్వ గంప తెచ్చింది. ఇద్దరం కలిసి ఇటుకలు, మట్టి బయట పోశాం. చిమ్నీ కంతలో ఇటుకలు పేర్చి నా చేతులతోనే మట్టి మెత్తాను. ఇప్పుడు వాకిట్లో మూడు రాళ్ల మీద వండుతున్నాను. గోలీలు నేనే నోట్లో వేసి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాను.

సదయ్య కొత్త చొక్కా మాట మళ్లీ ఎత్తలేదు.

అనసూర్య


గోదావరిఖని,
ఏప్రిల్ 1994

షహజాదీ ఆపాకు,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. భాయ్ ఎట్లా ఉన్నాడో రాయి. ఈసారి నిజం రాయి.

బోర్డు అయిపోయింది. ఊదమంటే ఊదాడట. గోలీలతో, వాకిట్లో గాలితో మనిషి అప్పటికే కాస్త తేరుకున్నాడు. ఫిట్ అని రాశారు. బాయిలోకే దిగాలి, బాయి బయట తేలిక పని కూడా ఇవ్వలేదు. ఆ కాగితం తెచ్చి నా ఒళ్లో వేసి, "తీస్కో, నీ సంబురం" అన్నాడు.

పొగలోంచి లాగాను, దుమ్ములోకి నేనే పంపాను. నేను చేసిన మేలు ఇదీ. దిగిపోవాలంటే ఊపిరి పాడవ్వాలి, ఊపిరి బాగుంటే దిగుతూనే ఉండాలి. ఇది ఎవరు పెట్టిన లెక్కో గాని, వాళ్ల వంటింట్లో పొగ ఉండి ఉండదు.

మొగిలి తిరిగి తిరిగి గ్యాసు ఇప్పించాడు. బిక్షం వచ్చి గద్దె కట్టి, సారవ్వ ఇంట్లో మిగిలిన నల్ల బండ పరిచాడు. గోడకు సున్నం వేశాను. ఇల్లు మెరుస్తోంది, వాడకట్టు ఆడవాళ్లు ఇప్పుడు నా ఇంటికి వరుసగా వస్తున్నారు. బాగుందంటున్నారు. నాకు అటు చూడాలంటే విసుగు.

సదయ్య శ్రీరాంపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర లోడింగు పనికి కుదిరాడు. ఐటీఐ చదివి తట్ట మోస్తున్నాడు. ఇంటికి ఎప్పుడో వస్తాడు, అన్నం తింటాడు, నాతో మాట్లాడడు. ఆయన మాట్లాడని రోజు లేదు. డ్యూటీ దిగి గడపలో అడుగు పెట్టిన దగ్గర నుంచి పడుకునేదాకా తిట్లే. కొడుకు బతుకు కూల్చినదాన, మొగుడిని బాయికి తోలినదాన, అని నలుగురూ వినేలా. అన్నం తింటూ తిడతాడు, చెయ్యి కడుక్కుంటూ తిడతాడు. మా గొడవ సారవ్వకు గోడకు చెవి పెట్టకుండానే వినబడుతుంది.

ఆయన అనేదాంట్లో అబద్ధం కూడా లేదు. ఒక్కోసారి ఆ గద్దె ముందు నిలబడి, ఇంకొన్నాళ్లు కళ్లు మూసుకుని ఉంటే సదయ్య ఈపాటికి డ్యూటీకి పోయేవాడు కదా అనుకుంటాను. నేను చేసింది తప్పా ఆపా? నన్ను ఊరడించడానికి కాదు, సూటిగా చెప్పు.

అనసూర్య


బెల్లంపల్లి,
మే 1994

అనసూర్యకు,

రాయకపోవడానికి కారణం మీ భాయ్. మధ్యలో చాలా రోజులు దవాఖానలో పెట్టాం. ఇప్పుడు ఇంటికి తెచ్చాం. ఇంటికి తీసుకుపొమ్మన్నారు కాబట్టి తెచ్చాం. నిజం రాయమన్నావు, రాశాను.

నీ ఉత్తరాలు రెండూ ఆయనకు వినిపించకూడదనుకున్నాను. ఆయనే అడిగాడు, అనసూర్య ఏం రాసింది అని. చదివాను. నువ్వు గడ్డపార పట్టుకున్న చోట మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. తర్వాత, మా ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలోనే అన్నాడు, నీకు తెలుగులో రాస్తున్నాను. "నువ్వు ఒక్కనాడన్న నన్ను ఆ పొయ్యి కాడి నుంచి లేపినవా?"

నాకు తెలియదు కదా అన్నాను. నువ్వు చెప్పలేదు కదా అన్నాను.

"పొగ కనవడలేదా?" అన్నాడు.

కనబడింది అనసూర్యా. కళ్లు మండేవి. కొంగుతో తుడుచుకుని వంట చేసుకున్నాను. ఆ రెండు మాటలు అనడానికి ఆయన ఆగి ఆగి అలిసిపోయాడు, గ్లాసు నోటికి అందించాను. ఇంకేదో అనాలని నా వైపు చూశాడు గాని మాట పైకి రాలేదు. నన్ను తిట్టాలని ఉంది ఆయనకు. తిట్టించుకోవాలని నాకూ ఉంది.

తప్పా అని అడిగావు. రాయమల్లన్న గడపలో అడుగు పెట్టింది మొదలు పడుకునేదాకా, నలుగురూ వినేలా తిడుతున్నాడని రాశావు. తిట్టనీ చెల్లె. అంతసేపు తిట్టాలంటే ఊపిరి కావాలి.

నీ ఆపా,
షహజాదీ